మూడో మలుపు దగ్గర పిచ్చుక

పట్టేసింది. ఇరవై రోజులు పట్టని కాలు ఇరవై ఒకటో రోజు పొద్దున మూడో మలుపు దగ్గర పట్టేసింది. పది గంటలకి రావలసిన లారీ తొమ్మిదింటికే వచ్చింది, ఇలాంటి పనులకి మాత్రం ఎవరూ ఆలస్యం చేయరు. కింద మా పెరట్లో దాని ఇంజను ఆగిన చప్పుడు వినబడింది, నేను తల తిప్పాను, తలతో పాటు చేతిలో పగ్గం కూడా తిప్పాను. నెమ్మదిగా వెడల్పుగా తిరగాల్సిన మలుపులో పిచ్చుక బిగువుగా తిరిగింది, అంతే. ముందు కాళ్ళు రెండూ, వెనక కుడి కాలూ బాగానే ఉన్నాయి. ఎడమది వెనక్కి సాగి, కర్రలా బిగుసుకుని, డెక్క అంచుతో మట్టిలో గీత గీసి ఆగిపోయింది. అది మెడ తిప్పి తన కాలు వంక చూసుకుంది, తర్వాత నా వంక చూసింది. నేను తిట్టలేదు, ఏడవలేదు. పొయ్యి మీద పాల గిన్నె దించానా లేదా అని ఆలోచించాను. దించాను. మంట తగ్గించి, దించి, మూత పెట్టి వచ్చాను. ఎన్ని కొంపలు మునిగినా పాల గిన్నె ముందు గుర్తొస్తుంది నాకు.

గుర్రం నిలబడి నిద్రపోతుందని అందరికీ తెలుసు. ఎలా నిద్రపోతుందో నాకు ఈ మధ్యే తెలిసింది. దాని వెనక కాలి అసలు మోకాలు మనం అనుకునే చోట ఉండదు. కింద వెనక్కి వంగి కనిపించేది మడమ. మోకాలు పైన, పొట్ట పక్కన, చర్మం మడతలో దాక్కుని ఉంటుంది. కునుకు తీయాలనుకున్నప్పుడు ఆ మోకాలి చిప్ప పైకి జరిగి ఎముక అంచుకి తగులుకుంటుంది, తలుపు గడియ పడినట్టు, ఇక కాలు వంగదు, గుర్రం పడిపోదు. కదలాలనుకున్నప్పుడు తొడ కండ ఒక్క గుంజు గుంజి గడియ తీస్తుంది. పిచ్చుకకి గడియ పడుతోంది, తీసే కండ చాలడం లేదు. జబ్బంతా అదే. ఈ ఇంటికి వచ్చి పంతొమ్మిదేళ్ళయింది, గుర్రాల మీద బతికే ఇల్లు, నేను ఇప్పటిదాకా మడమని మోకాలనే అనుకుంటూ వాటికి దాణా కలిపాను. నాకెవరూ చెప్పలేదు. వాళ్ళకి మాత్రం తెలుసా అని ఇప్పుడు నా అనుమానం.

పిచ్చుక అనే పేరు మామగారు పెట్టారు. పుట్టినప్పుడు అన్నీ కాళ్ళే, మధ్యలో గుప్పెడంత ఒళ్ళు. ఇప్పుడు దాని వీపు నా తలకంటే ఎత్తు, డెక్క మా అన్నం పళ్ళెమంత, పేరు మాత్రం అదే ఉండిపోయింది. కొత్తవాళ్ళు పిచ్చుక ఏదీ అని చూరు వైపు చూస్తారు. కొండ మీద నరికిన దుంగల్ని కోతమిల్లుకి లాగే గుర్రాలు మావి, రెండేసి కట్టాలి. పెద్దాడు అని ఒక ముసలి మగగుర్రం ఉంది, దానికి జోడీగా పిచ్చుకని పెంచారు. పెంచారంటే ఊరికే పెంచలేదు, తొందరగా పెంచారు. మామగారు రోజుకి మూడుసార్లు దాణా పెట్టారు, గింజలు నానబెట్టి, చేత్తో పిసికి. రెండేళ్ళకే అది మూడేళ్ళ గుర్రంలా కనిపించేసరికి మిల్లు దగ్గర అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు, మామగారు వారం రోజులు నవ్వుతూనే ఉన్నారు. ఎముకలు పొడుగొచ్చాయి, ఒళ్ళు బరువొచ్చింది, మధ్యలో కండ మాత్రం వెనకబడింది. ఆ సంగతి ఎవరికీ కనబడలేదు, బలంగా ఉన్నట్టే కనబడింది కదా.

మొదటిసారి పట్టినప్పుడు మా ఇంట్లో ఎప్పుడూ చేసేదే చేశారు. కుంటే గుర్రాన్ని కొట్టంలో కట్టేసి, దాణా రెట్టింపు చేసి, గడ్డి మెత్తగా పరిచి, తలుపు వేశారు. మామగారు సాయంత్రం సాయంత్రం నూనె గోరువెచ్చన చేయించుకుని వెళ్ళి తొడ నుంచి డెక్క దాకా మర్దన చేసేవారు, లాంతరు కొక్కేనికి తగిలించి, దానితో ఏదో మాట్లాడుతూ. అత్తయ్య పోయాక ఆయన అంతసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. డెబ్బై రోజులు. కొట్టంలో కట్టేసిన డెబ్బై రోజుల్లో కాలు రోజుకోసారి పట్టేది రోజుకి పదిసార్లు పట్టడం మొదలెట్టింది. ఆయన ఇంకా మెత్తగా గడ్డి పరిచారు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు, ఆ నూనె వేడి చేసి ఇచ్చింది నేనే. గిన్నె కూడా నాదే.

ఇప్పుడు నెమ్మదిగా దాని పక్కకి వెళ్ళి తొడ మీద చెయ్యి వేశాను. చర్మం వణుకుతోంది, ఈగ వాలితే వణికినట్టు, ఈగ లేదు. పశువుల డాక్టరమ్మ చూపించిన చోట, చర్మం మడత కింద, చిప్ప గట్టిగా బయటికి పొడుచుకుని తగిలింది. అరచెయ్యి ఆనించి లోపలికి, కిందికి నొక్కాను. కదల్లేదు. భుజం ఆనించి నొక్కాను. రాయి. మామూలుగా అయితే ఇంత అవస్థ లేదు, ఒక్క అడుగు వెనక్కి వేయిస్తే గడియ దానంతటదే వదిలేస్తుంది. నెల రోజులుగా దాన్ని వెనక్కి నడిపించడమే నా పని. కానీ ఈ మలుపులో దారి బండి వెడల్పే, వెనక నిన్నటి వానకి నానిన అంచు, అంచు కింద వాగు గట్టు. సాగిపోయిన ఆ ఎడమ కాలు అంచుకి మూరెడు దూరంలో ఉంది. వెనక్కి ఎలా నడపను? నిలబడ్డాం. ఇక్కణ్ణుంచి పెరడంతా కనిపిస్తుంది, అద్దంలో చూసినట్టు. లారీ వెనక చెక్క దించి ఉంది. మామగారు కుర్చీ తెచ్చుకుని సరిగ్గా పెరటి మధ్యలో, కొట్టానికీ లారీకీ నడుమ కూర్చున్నారు. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మరిది లారీవాడికి ఏదో చెప్పి నవ్విస్తున్నాడు, నా గురించే అయి ఉంటుంది.

మా ఇంట్లో ఆడవాళ్ళు పగ్గం పట్టరు. పట్టకూడదని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం రాలేదు. నేను పట్టింది డాక్టరమ్మ వచ్చి వెళ్ళిన మర్నాడు. ఆవిడ వస్తూనే కొట్టం తలుపు తీయించింది, పిచ్చుకని బయటికి నడిపించి చూసింది, తొడలు తడిమి చూసింది, ఇంత బిడ్డని ఇన్నాళ్ళు కట్టేశారేంటండీ అంది. మామగారు మొహం అటు తిప్పుకున్నారు. దాణా సగానికి సగం తగ్గించమంది. నడిపించమంది, రోజూ, మొదట చదునులో, తర్వాత వాలులో ఎక్కించి దించి. నేల మీద దుంగలు పరిచి వాటిని దాటించమంది, వెనక్కి నడిపించమంది, బిగువైన మలుపులు తిప్పొద్దంది. లాడాలు కొట్టే ఆయన్ని పిలిపించి ఎడమ డెక్క లోపలి అంచు గుండ్రంగా చెక్కించింది, కాలు తిరిగేటప్పుడు సులువుగా ఉంటుందని. కోత పెట్టి ఒక నరం లాంటి దాన్ని తెంపేస్తే వెంటనే పట్టడం మానేస్తుందట కదా అని మా ఆయన అడిగాడు. మానేస్తుంది, ఇంత చిన్నదానికి కోస్తే రేపు చిప్పే చిట్లిపోవచ్చు, అది చిట్లితే ఇక నేనేం చేయలేను, ముందు కండ పెంచండి, నాలుగు నెలలు ఓపిక పట్టండి అంది. వెళుతూ వెళుతూ ఆ మాటే మళ్ళీ మగవాళ్ళ వంక కాదు, నా వంక చూసి అంది. ఎందుకు చూసిందో. బహుశా గేటు దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే అయినందుకేమో.

నాలుగు నెలలు మా వంటింట్లోకి వచ్చేసరికి మూడు వారాలైంది. మిల్లువాళ్ళకి జోడీ కావాలి, పెద్దాడు ఒక్కడే సగం దుంగలు లాగుతున్నాడు, ఆగడానికి లేదు అన్నాడు మా ఆయన. అబద్ధం కాదు. మూడు వారాలు ఒక్కసారి కూడా పట్టకుండా నడిస్తే ఉంచుదాం అన్నాడు, పట్టిందా, నువ్వే తాడు పట్టుకుని లారీ ఎక్కించాలి. నేను పళ్ళేలు కడుగుతూ తల ఊపాను. ఎంగిలి పళ్ళెం చేతిలో ఉండగా ఊపిన తలని ఒప్పందం అంటారా? అన్నారు. కాలు పట్టే గుర్రాన్ని దుంగలు లాగడానికి ఎవరూ కొనరు. మరి ఆ లారీవాడు ఎందుకు కొంటాడో చెప్పడు, మేం అడగం. మాంసానికి కోయడానికి అని అందరికీ తెలుసు కనకే ఎవరూ అడగరు. ఆ రాత్రి మా ఆయన అన్నం సగంలో లేచిపోయాడు, కఠినాత్ముడేం కాదు. తేల్చేసుకోవాలనుకునే మనిషి, అంతే. తేలని విషయంతో ఒక్క పూట కూడా కాపురం చేయలేడు.

మర్నాటి నుంచి కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగాను. మగవాళ్ళు కొండకి వెళ్ళగానే పొయ్యి కట్టేసి, చెప్పులు వదిలేసి మా ఆయన పాత బూట్లు గుడ్డలు కుక్కి తొడుక్కుని. మొదటి రోజు పది నిమిషాల్లో నాలుగుసార్లు పట్టింది. రెండో రోజు వెనక్కి నడవమంటే నా కాలి మీద డెక్క వేసింది, గోరు నల్లబడింది, ఇంకా నల్లగానే ఉంది. అలా పట్టిన మొదటి పది రోజులనీ లెక్కలోంచి తీసేయించాను, అలవాటు కావాలి కదా అని వాదించి. ఆ తర్వాత మొదలైన ఇరవై ఒక్క రోజులివి. మరిది వెనక్కి నడిపించడం చూసి, వదిన గుర్రానికి రివర్సు గేరు బిగిస్తోంది, హారన్ కూడా పెట్టించు వదినా, అన్నాడు. మిల్లులో చెప్పాడు, మిల్లంతా నవ్వారు, నవ్విన సంగతి ఇంటికొచ్చి మళ్ళీ చెప్పాడు. నవ్వనీ. పదో రోజుకి ఎడమ తొడ మీద వేలు పెడితే మెత్తగా దిగేది కాదు. పదిహేనో రోజుకి వాలు ఎక్కేటప్పుడు వెనక భాగం రెండు వైపులా ఒకేలా కదిలింది. అది చూసినవాళ్ళం నేనూ, వాగు అవతల బట్టలు ఆరేసుకునే ఆవిడా. ఆవిడకి దాని అర్థం తెలియదు, నాకే చెప్పుకోవాలని గొంతు దాకా వచ్చింది.

ఎంతసేపైంది? నీడ డెక్క దగ్గర నుంచి రాయి దాకా జరిగింది. మళ్ళీ నొక్కాను, చెయ్యి జారింది, చెమట ఎవరిదో, దానిదో నాదో. పెరట్లో మా ఆయన చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని వాలు వైపు చూస్తున్నాడు. మలుపు దగ్గర తుప్పలున్నాయి, వాటి సందుల్లోంచి నాకు పెరడు కనబడుతుంది, కింది నుంచి మేం కనబడం. కనబడమని తెలిసిన క్షణం నుంచీ ఒక ఆలోచన నా పక్కన నిలబడి ఉంది, మూడో మనిషిలా. ఎవరు చూశారు? గడియ ఊడుతుంది, ఎప్పటికో అప్పటికి ఊడుతుంది, ఊడాక దర్జాగా దిగి వెళ్ళి, ఇరవై ఒక్క రోజులూ పట్టలేదు అని చెప్పి కొట్టంలోకి తోలుకుపోతే? పిచ్చుక చెప్పదు. వాగు అవతల ఆవిడ చెప్పదు. పంతొమ్మిదేళ్ళలో నేను ఆడిన అబద్ధాలన్నీ ఈ కొలతవే, కూరలో ఉప్పు ఎక్కువైతే నీళ్ళు పోసినంత. కానీ రేపు పడితే? ఎల్లుండి పడితే? అప్పుడూ తుప్పల చాటున నిలబడతానా? పడుతుంది మళ్ళీ, ఒకట్రెండుసార్లు పడుతుంది, నాలుగు నెలలంటే అర్థం అదే. పట్టకపోవడం కాదు బాగుపడటం, పట్టింది వదలడం బాగుపడటం. ఆ మాట అప్పుడు వంటింట్లో అనాల్సింది. పళ్ళేలు కడిగాను.

మా పుట్టింట్లో ఒకప్పుడు అమ్మ కిటికీ దగ్గర మంచం వేయించుకుంది. మెట్టు మీద జారి మోకాలు వాచింది, అంతే, ఎముక విరగలేదు. మేమంతా చుట్టూ మూగాం, లేవకమ్మా, కదలకమ్మా. అక్క కాళ్ళు పట్టేది, నాన్న తలకింద దిండ్లు సర్దేవాడు, నేను పళ్ళెం చేతికి ఇచ్చేదాన్ని, గ్లాసు నోటికి పెట్టేదాన్ని. అంత ప్రేమగా ఎవరినీ ఎవరూ చూసుకుని ఉండరని చుట్టుపక్కల వాళ్ళు అనేవారు, వింటే నాకు గర్వంగా ఉండేది, పదహారేళ్ళదాన్ని. వాపు నెలకే తగ్గింది. ఒకరోజు వాన జల్లు లోపలికి కొడుతోంది, అమ్మ మంచం పట్టె పట్టుకుని ఒక కాలు నేల మీద పెట్టింది, కిటికీ మూయడానికి. నేను పరుగెత్తుకొచ్చాను. నువ్వు పడుకో, నేనున్నాగా, అని ఆ కాలు ఎత్తి మంచం మీద పెట్టి, దుప్పటి కప్పి, కిటికీ మూశాను. అమ్మ కాసేపు మూసిన రెక్కల వంక చూసింది. ఆ తర్వాత మళ్ళీ కాలు కింద పెట్టలేదు, వాన వచ్చినా పెట్టలేదు, నన్ను పిలిచేది. ఏడాదికి ఆ కాళ్ళు నా చేతులంత అయ్యాయి. ఏడేళ్ళు ఆ కిటికీ నేనే మూశాను, నా పెళ్ళయ్యాక అక్క మూసింది.

పిచ్చుక కదిలింది. బరువంతా కుడి కాలి మీదికి వేసి, ముందు కాలు ఒకటి ఎత్తి, ఎక్కడ పెట్టాలా అన్నట్టు గాలిలో ఉంచింది. వెనక్కి రాబోతోంది. అంచు మూరెడే ఉంది, మట్టి నానింది, పగ్గం బిగించి దాని మెడకి అడ్డంపడి, వద్దు, కదలకు, నేనున్నాగా, అన్నాను.

పైకే అన్నాను. నా గొంతే. నా పదహారో ఏటిది, ఒక్క అక్షరం మారలేదు.

పగ్గం వదలలేదు, వదులు చేశాను. చేతిలో మూరెడు జారనిచ్చాను, మెడ దగ్గర నుంచి పక్కకి జరిగాను. పడితే ఇద్దరం పడతాం. అది గాలిలో ఉన్న కాలిని నిదానంగా వెనక్కి పెట్టింది. తర్వాత రెండోది. నేను చెప్పలేదు, నోరు తెరవలేదు, ఛాతీ మీద చెయ్యి ఆనించలేదు, రోజూ చేసినదేదీ చేయలేదు. తనే. తల కొంచెం వంచి, చెవులు వెనక్కి పెట్టి, తన వెనక నేల ఎంత ఉందో చెవులతో కొలుస్తున్నట్టు, అరడుగు, అంతకంటే ఎక్కువ కాదు. టక్ మంది. వేలు విరిచినంత చప్పుడు. కాలు వంగింది, డెక్క లేచింది, అంచుకి జానెడు ఇవతల దిగింది. మట్టి కొంచెం రాలింది వాగులోకి. పిచ్చుక ఒళ్ళంతా దులుపుకుని, పక్కనున్న గడ్డి పరక తెంపుకుంది, ఏమీ జరగనట్టు.

దిగేటప్పుడు మలుపులన్నీ వెడల్పుగా తిప్పాను. ఎలా చెప్పాలా అని ఆలోచించలేదు. బిగువుగా తిప్పింది నేనే, తప్పు నాది, దానిది కాదు, అని చెప్పుకోవచ్చు, నిజం కూడా. కానీ అది చెబితే మళ్ళీ వాళ్ళ లెక్కలో నిలబడి ఒక రోజు తగ్గించమని అడగడమే. ఆ లెక్కే నాకు వద్దు. గేటు దాటి పెరట్లోకి వచ్చేసరికి అందరూ దాని వెనక కాళ్ళే చూస్తున్నారు. చక్కగా నడిచింది. మా ఆయన మొహం విప్పారింది, ఆ మొహం చూస్తే జాలేసింది. ఉంచుకోవాలనే ఉంది ఆయనకీ. అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి మొహం దొరకదు.

"పట్టలేదుగా?" అన్నాడు.

"పట్టింది," అన్నాను. "ఇప్పుడే, మూడో మలుపు దగ్గర. చాలాసేపు పట్టింది."

లారీవాడు సిగరెట్టు కింద పడేసి చెక్క దగ్గరికి నడిచాడు, అలవాటైన నడక. మరిది నోట్లో ఏదో వెటకారం తయారైంది గానీ బయటికి రాలేదు.

"అనుకున్న మాటే కదా," అన్నాడు మా ఆయన, నేల చూస్తూ. "తాడు నువ్వే పట్టుకోవాలి."

"పట్టుకునే ఉన్నాను," అన్నాను. "తనంతట తనే విడిపించుకుంది. నేను చెయ్యి వేయలేదు. రేపూ నడుస్తుంది, ఎల్లుండీ నడుస్తుంది. డాక్టరమ్మ నాలుగు నెలలంది, నాలుగు నెలలు నడిపిస్తాను. మూడు వారాలకి ఒప్పుకున్నది నేను కాదు, నా చేతిలో పళ్ళెం ఉంది కదా, అది."

లారీవాడు నవ్వబోయి మా ఆయన్ని చూసి మానుకున్నాడు. అమ్మా, ఎక్కించమంటారా, అని మర్యాదగానే అడిగాడు. నేను వెళ్ళి పిచ్చుక ఎదురుగా, దాని మొహానికి నా మొహం పెట్టి నిలబడ్డాను. లారీ నా వెనకుంది. ఛాతీ మీద రెండు వేళ్ళు ఆనించాను. అది అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. అంత పెద్ద ఒళ్ళు, పెరటి మధ్యలో, నలుగురు మగవాళ్ళ ముందు, తోక ముందుగా, లారీకి దూరంగా, కొట్టం వైపు కూడా కాదు, కొండ దారి గేటు వైపు వెనక్కి వెనక్కి నడిచింది. ఎడమ కాలు ప్రతి అడుగుకీ వంగింది. నేను లెక్కపెట్టలేదు. సరిగ్గా దారి మధ్యలో మామగారి కుర్చీ. ఆయన కదల్లేదు. పిచ్చుక వెనక భాగం ఆయన మోకాళ్ళ దాకా వచ్చింది. నేను ఆపలేదు. ఆపను కూడా. డెబ్బై రోజులు నూనె రాసిన ఆ కాలు ఆయన కళ్ళకి మూరెడు దూరంలో లేచి, వంగి, దిగింది, తొడ మీద కండ ముడిపడి వీడింది. ఆయన అది చూశారు. నాకు తెలుసు చూశారని, ఆయన కుడి చేతి వేళ్ళు వాటంతటవే నూనె రాసేటప్పుడు విచ్చుకున్నట్టు విచ్చుకున్నాయి.

ఆయన లేచారు. కుర్చీ తీసి పక్కన పెట్టారు. ఎవరి వంకా చూడకుండా, "వెనక తొట్టి ఉంది," అన్నారు. "కొంచెం కుడికి పట్టమ్మా. వెడల్పుగా."

కుడికి పట్టాను. వెడల్పుగానే.